అత్తగారికి సముద్రం

జలాంతర్గామిని వేలికణుపుతో రెండుసార్లు తట్టి చూశాడు బసవరాజు.

అది వృత్తి నేర్పిన అలవాటు. బేతంచెర్లలో అతనిది బండల పాలిష్ ఫ్యాక్టరీ. బండను తట్టి, మోత విన్నాకే అందులో పగులుందో లేదో చెబుతాడు. పెళ్లిచూపుల నాడు అత్తవారి అరుగును కూడా అలాగే తట్టి చూశాడని బంధువుల్లో ప్రతీతి. ఈ జలాంతర్గామి మోత మాత్రం అతనికి ఎందుకో నచ్చలేదు.

"తట్టాకండి. ఎవురన్నా సూస్తే నవ్వుతారు," అంది భార్య భువన, నెత్తి మీది కొంగును మరింత ముందుకు లాక్కుంటూ.

"నువ్వు ముందు ఫోటో దిగు."

ఆమె కొంగు తీసి, నవ్వి, ఫోటో దిగి, మళ్లీ కొంగు కప్పుకుంది. అంతకుముందే కైలాసగిరి శివపార్వతుల ముందు దిగారు. పార్వతీదేవి పాదాల తెల్లదనం కొంత భువన చీరకు అంటుకుంది. అక్కడి నుంచి జలాంతర్గామి దాకా అలుపన్నదే లేకుండా నడిచి వచ్చేశారు. ఫ్యాక్టరీని ఒక పూటకు మించి వదలలేని మనిషికి ఇంతకంటే అనువైన విహారయాత్ర దొరకదు.

"ఇంగ సముద్రమే మిగిలుండాది," అన్నాడు బసవరాజు. "మన కుర్చీ దాంట్లోనే ఉండాది."

కుర్చీ అంటే, డోన్‌లోని అత్తవారింట ఫ్యాను కింద ఉండే పడకకుర్చీ. మామగారు బతికున్నన్నాళ్లూ అది ఆయన సింహాసనం. అందులో కూర్చున్నవాడికే మొదటి కాఫీ, మొదటి విస్తరి, నాటుకోడి కాలు. ఆయన పోయాక పెద్దల్లుడిగా అది తనకే చెందుతుందని బసవరాజు నమ్మకం. కానీ ఏ పండక్కి వెళ్లినా, ఆత్మకూరులో ఎరువుల అంగడి నడిపే తోడల్లుడు నరసన్న ఒక బస్సు ముందే దిగి, అందులో కాళ్లు చాపుకుని కనబడేవాడు. మొన్న ఉగాదికి ఇద్దరూ ఒకేసారి కూర్చోబోయారు. కుర్చీ గుడ్డ చిరిగింది.

అప్పుడు అత్తగారు నాగలక్ష్మమ్మ తీర్పు చెప్పింది.

"మీ మామ నాకు వైజాగు సముద్రం సూపిస్తా సూపిస్తా అని, సూపియ్యకుండానే పాయ. నాకా, మోకాళ్లు లేవు. మీ ఇద్దుర్లో ఎవురైతే ఆడికి పోయి, ఫోన్లోనన్నా నాకు సముద్రం సూపిస్తారో, కుర్చీ వాళ్లది."

సముద్రం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఎంతో క్రమశిక్షణ గల సముద్రం అది. అల వచ్చేది, పోయేది. మళ్లీ అంతే అల, అంత దూరమే వచ్చి, అంతే మర్యాదగా వెనక్కు వెళ్లేది. ఒక్కరి చెప్పులు కూడా పట్టుకుపోలేదు.

"ఇసుక అచ్చం మన తుంగభద్ర ఇసుక మాదిరే ఉండాదే," అంది భువన.

"ఇసుక యాడైనా ఇసుకే. గట్టిగా అనాకు."

బసవరాజు అత్తగారికి వీడియో కాల్ చేశాడు. తెర మీద ఆమె నొసలు మాత్రం ప్రత్యక్షమైంది.

"ఉండు నాయనా, సిన్నల్లుడు గూడా ఇప్పుడే చేస్తాండాడు. ఇద్దుర్నీ కలుపుతా."

తెర రెండు భాగాలైంది. నల్ల కళ్లద్దాలతో నరసన్న కనబడ్డాడు. "అత్తా! మేము వైజాగులో ఉండాం!"

బసవరాజు ఉలిక్కిపడ్డాడు. "నువ్వు గూడానా?"

"అన్నా... నువ్వు గూడానా?" నరసన్న కళ్లద్దాలు నొసటి మీదికి ఎత్తాడు.

"శానా మంచిదాయ!" అంది నాగలక్ష్మమ్మ. "ఇద్దురూ ఒకే ఊళ్లో ఉండారు. ఒక తావ చేరి జంటగా నిలబడండి నాయనా, కండ్లారా సూస్తా."

అల్లుళ్లిద్దరూ ఫోన్లను ముఖాలకు మరింత దగ్గరగా లాక్కున్నారు.

"నువ్వు యాడుండావు నరసన్నా?" అని అడిగాడు బసవరాజు ఆఖరికి.

"నువ్వు చెప్పన్నా ముందు."

"చిన్నోడివి, నువ్వే చెప్పు."

"నేను... రుషికొండ పక్క."

"అయ్యో! నేను ఆర్కే బీచిలో ఉండానే! శానా దూరమప్పా!"

నరసన్నకు ప్రాణం లేచివచ్చినట్లయింది. "అవునన్నా, శానా దూరం. ట్రాఫిక్కు గూడా."

"కలిసే మాటే లేదు."

"లేనే లేదు."

పెళ్లిళ్లయిన నాటి నుంచి ఆ తోడల్లుళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

ఎవరో పిల్లవాడు తప్పిపోయాడని, వాడి తల్లి ఎక్కడున్నా రావాలని మైకులో పిలుస్తున్నారు. ఆ పిలుపు ఫోనులోంచి రెండోసారి వినబడింది. ఈ కాలపు ఫోన్లే అంత అనుకున్నాడు బసవరాజు.

"సరే, కలవకుంటే మానండి," అంది అత్తగారు. "ఇద్దురూ సముద్రమన్నా సూపియ్యండి. ఎవురి సముద్రం పెద్దదైతే కుర్చీ వాళ్లదే."

బసవరాజు మోకాలిలోతుకు దిగి ఫోను తిప్పాడు. నరసన్నా తిప్పాడు. తెర మీద పక్కపక్కన రెండు సముద్రాలు హోరుమన్నాయి. రెండింటా అలలు లేచాయి.

నాగలక్ష్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఎంత బాగుండాదో! ఇది మీ మామ సూడాల్సింది." తర్వాత ఆమె తెరకు ముక్కు ఆనించి ఒక సముద్రాన్ని చూసింది, రెండో సముద్రాన్ని చూసింది. భువన మొగుడి భుజం గట్టిగా పట్టుకుంది.

"కుర్చీ ఎవురిదంటే..." అని అత్తగారు తీర్పు మొదలుపెట్టిందో లేదో, వైజాగు సెట్టింగు వేసిన కర్నూలు ఎగ్జిబిషన్ మైదానంలో కరెంటు పోయి, రెండు సముద్రాలూ ఒక్కసారే ఆగిపోయాయి.