కట్టిన చెయ్యి

వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని, మంచం మీద కూర్చునే నిద్రపోవాలని జోగారావుకు చెప్పాడు డాక్టరు. ఆరు వారాల దాకా కుడిచెయ్యి భుజం దాటి లేవకూడదన్నాడు.

రోజూ ఆ దిండ్లు సర్దేది తండ్రి దూలయ్యే. చేతికి పట్టీ కట్టి, మెడ వెనక ముడి వేసేదీ ఆయనే. దవాఖానాలో "పర్ణశాల మలుపు కాడ బండి మీదికెల్లి పడ్డడు సారూ" అని అబద్ధమాడిందీ ఆయనే. మాటా మాటా పెరిగి కొడుకు తన మీదికే చెయ్యెత్తాడని, తాను తప్పుకుంటే ఆ దెబ్బ ద్వారబంధానికి తగిలి వాడి భుజం జారిందని ఎవరికీ చెప్పలేదు. చూడవచ్చినవాళ్లు "అయ్యో పాపం" అన్నప్పుడల్లా జోగారావుకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఐదో రాత్రి ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. అడవి వైపు నుంచి కీచురాళ్ల చప్పుడు కూడా లేదు. భుజంలో నొప్పీ లేదు. హమ్మయ్య అనుకుంటూ ఎడమచేత్తో ఒడి తడిమాడు. పట్టీ తగిలింది. ముడి వేసింది వేసినట్టే ఉంది. అందులో చెయ్యి లేదు.

తలెత్తి చూశాడు. చెయ్యి తలపైన గాలిలో, అరచెయ్యి చాచి నిలబడి ఉంది. దించబోయాడు. దిగలేదు.

గోడవారన తండ్రి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

"నాయినా... ఏందే ఇది?"

"రోజూ గిట్లనే లేస్తంది బిడ్డా," అన్నాడు దూలయ్య, చేతులు తియ్యకుండానే. "కొట్టేదేదో జల్దీ కొట్టి పండుకో. నాలుగు రాత్రుల సంది నాకు కన్ను మూతపడలే."