దువా నీళ్లు

"ఊదొద్దు మామ్మగారూ! ఆగండి!"

ఆ కేకకి హుస్సేన్‌బీ చేతిలో నీళ్ల గ్లాసు తొణికింది. ఇంటిల్లిపాదీ తలలు తిప్పి చూశారు.

గుమ్మంలో నిలబడింది రత్నమణి. మేడమీద ఒంటిగదిలో అద్దెకుండే నర్సు. డ్యూటీ దిగి వచ్చి, మెట్లెక్కబోతూ ఆగిపోయింది.

అవి స్వైన్ ఫ్లూ రోజులు. సౌదీలోని ఖతీఫ్ బజార్లో ఒకడు తుమ్మితే పదిమంది పారిపోతున్నారు.

ఆ ఇంట్లో మాత్రం పారిపోవడానికి చోటేదీ? ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు కోడళ్లు, బిలబిలమంటూ పిల్లలు. ఆపైన కడప నుంచి విజిట్ వీసా మీద వచ్చిన తల్లి హుస్సేన్‌బీ. అంతమందికీ ఉన్నవి రెండు గదులు.

ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అక్కడ మొదటి మందు ఒకటే. ముసలామె దువా చదివి గ్లాసులోకి ఊదుతుంది. ఆ నీళ్లు అందరూ తలో గుక్క తాగాలి.

ఈసారి ఒళ్లు వెచ్చబడింది ఆ ముసలామెకే. మక్కాకి ఉమ్రా యాత్ర పోయి వచ్చినప్పటి నుంచీ ఖంగుఖంగుమని ఒకటే దగ్గు.

"దువా చదవనివ్వండక్కా, కాదనట్లేదు" అంది రత్నమణి, పెద్దకోడలు రుఖయ్యాతో. "ఊదిన నీళ్లు మాత్రం ఎవరికీ పట్టకండి. సాబేరాకి అస్సలొద్దు. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ జ్వరం చాలా ప్రమాదమండీ."

సాబేరా చిన్నకోడలు. ఎన్ని దర్గాలు తిరిగితేనో కడుపు పండింది. ఇప్పుడు ఏడో నెల. రుఖయ్యా ఆ పిల్లని సొంత చెల్లెలి కన్నా ఎక్కువగా చూసుకుంటోంది, బిందె కూడా ఎత్తనివ్వదు.

అట్లాంటి పిల్లకి అల్లా పేరు చదివిన నీళ్లు ప్రమాదమా! రుఖయ్యాకి ఒళ్లు మండిపోయింది.

"ఏందిమ్మా నువ్వు జెప్పేది? దువా నీళ్లు నీకు విషం మాదిరి కనపడతాండాయా? ఆస్పత్రి నుంచి రోగాలు మోసుకొచ్చేది నువ్వు. మాకు బుద్ధులు జెప్తావా?"

"అయ్యో, నేనన్నది అది కాదక్కా..."

"గమ్మున పైకి పో!"

రత్నమణి బ్యాగులోంచి నాలుగు మాస్కులు తీసి గడప మీద పెట్టింది.

"ఇవైనా కట్టుకోండి" అని మెట్లెక్కింది.

రుఖయ్యా వాటిని చీపురుతో చెత్తలోకి ఊడ్చేసింది. గ్లాసు తీసుకుని తానే సాబేరా నోటికి అందించింది.

"బిస్మిల్లా అని తాగు తల్లీ."

మొగుడు మస్తాన్ వలీ షాపు కట్టేసి రాగానే, జరిగిందంతా ఉప్పూకారం దట్టించి చెప్పింది. అతను పోయి ఇంటి ఓనరు చెవిలో వేశాడు. ఆ అరబ్బాయన అసలే భయస్తుడు. నర్సు గది ఖాళీ చేయాల్సిందే అన్నాడు.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే మరి. రత్నమణి పెట్టె ఈడ్చుకుంటూ దిగిపోతుంటే ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పీడ విరగడైందనుకుంది రుఖయ్యా.

వారం తిరక్కుండానే ఇల్లంతా మంచాన పడింది. పిల్లలు లేచారు. మగవాళ్లు లేచారు. ముసలామె కూడా లేచింది.

సాబేరా లేవలేదు. ఊపిరందక ఎగబీల్చింది. అంబులెన్స్ ఎక్కిస్తుంటే రుఖయ్యా కొంగు వదల్లేదు.

"అక్కా, నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టొద్దు. వాళ్ల మాటలు నాకు తెలీవు."

"యాడికీ పోను తల్లీ. నీ పక్కనే ఉంటా."

కానీ ఐసోలేషన్ వార్డు గుమ్మం దగ్గరే ఆపేశారు. రుఖయ్యా బతిమాలింది. కాళ్లు పట్టుకోబోయింది. లాభం లేకపోయింది.

రెండోనాడు కబురొచ్చింది. బిడ్డ కడుపులోనే పోయింది. తర్వాత తల్లి కూడా పోయింది.

రుఖయ్యా గుండెలు బాదుకుంది. "నా చేత్తోనే తాపిస్తినే! నా చేత్తోనే!"

ఆ ఏడుపు కన్నా పెద్ద ఏడుపు ఇంకోటి ఉంది ఆమెకి. ప్రాణం పోయేటప్పుడు పక్కన కూర్చుని, అల్లా ఒక్కడే దేవుడని చాటే కలిమా వినిపించేవాళ్లు ఉండాలి. అది లేని చావు పగవాళ్లకైనా రాకూడదంటారు. సాబేరాకి ఆ దిక్కు కూడా లేకపోయిందే! ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు. ఎవరు ఓదార్చినా "ఒక్కత్తే పోయిందే" అనేది, అంతే.

నలభై దినాల ఫాతిహా అయ్యాక, సాబేరా కమ్మలు తీసుకుపొమ్మని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. రుఖయ్యా మొగుడితో వెళ్లింది. కమ్మలు తెచ్చిచ్చిన నర్సు పేరు క్రిస్టీనా, కాకినాడ పిల్ల.

"పెద్దక్క మీరేనాండీ? ఆఖరిదాకా మిమ్మల్నే పిలిచింది."

"ఒక్కత్తే పోయిందా సిస్టరూ?"

"ఒక్కతే ఎందుకవుతుందండీ? మా తెలుగు సిస్టర్ ఒకామె ఆ రాత్రంతా చెయ్యి వదల్లేదు. ఆఖర్న చెవి దగ్గర వంగి మీ కలిమా చదివింది. సాబేరా పెదాలు కూడా కదిలాయండీ."

రుఖయ్యా గోడకి చేరగిలబడి భోరుమంది. ఇన్నాళ్లకి గుండె మీది బండ కదిలింది.

"యా సాయిబుల ఇంటి బిడ్డో, నూరేండ్లు బతకాల! ఒక్కసారి పిలువు. ఆ తల్లి కాళ్లు కండ్లకద్దుకుంటా."

క్రిస్టీనా తల దించుకుంది.

"ఆ జ్వరమే ఆమెకీ అంటుకుందండీ. నెల పైనే మంచంలో పోరాడి మొన్న శుక్రవారం పోయింది. సాయిబుల పిల్ల కూడా కాదు, మా క్రైస్తవుల పిల్లే."

"మరి కలిమా?"

"అదే నేనూ అడిగానండీ. ఇంతకుముందు ఖతీఫ్‌లో ఒక మేడమీద గదిలో ఉండేదంట, కింద ఇంట్లో ఒక మామ్మగారు పొద్దున్నే మనవళ్లని కూర్చోబెట్టి గట్టిగా కలిమా చెప్పిస్తుంటే వినీ వినీ నోటికొచ్చేసిందంట."