మనశ్శాంతి క్లాసు

“బొమ్మ వెయ్యకుండా ఎవరూ గేటు దాటడానికి వీల్లేదు! మన స్కూలు చైర్మన్ గారు ఇదంతా పెట్టించింది మీ మనశ్శాంతి కోసమేగా?” అని హెడ్మాస్టరు అరిచేసరికి, సంచీ భుజాన వేసుకున్న లెక్కల టీచరు మళ్ళీ కుర్చీలో కూలబడింది.

బడి వదిలి చాలాసేపయింది. పక్కింటివాళ్ళ దగ్గర ఉంచిన పాప ఈపాటికి ఏడుపు లంకించుకునే ఉంటుంది. దిద్దాల్సిన పేపర్ల కట్టలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని ఓ మూలకి నెట్టి రంగులూ కుంచెలూ పరిచారు.

“మీ మనసుకి ఏది బరువుగా ఉందో అది గీయండి. బొమ్మల వైద్యమంటే అదే,” అంది ఇందుకోసం బయటినుంచి పిలిపించిన కౌన్సెలరు మెత్తగా.

హెడ్మాస్టరు సరిగ్గా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంకేముంది, అందరి మనసుల్లోనూ పువ్వులే పూశాయి. సైన్సు మాస్టారు సూర్యోదయం వేశాడు. డ్రిల్లు మాస్టారు నవ్వే మబ్బుని గీశాడు.

“ఇంత హాయిగా ఉన్నవాళ్ళకి నేనెందుకండీ?” అని నిట్టూర్చింది కౌన్సెలరు. “సార్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?”

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళారు.

లెక్కల టీచరు చెయ్యి దానంతటదే కదిలింది. ముందు ఇంత పెద్ద నోరు. నోట్లో నాలుక బదులు బడిగంట. కళ్ళున్నచోట గడియారాలు. కాళ్ళకింద చీమల్లా టీచర్లు. చెవులు మాత్రం పెట్టలేదు. ఎంత మొత్తుకున్నా వినని మనిషికి అవెందుకని!

తొంగిచూసిన సైన్సు మాస్టారు కిసుక్కుమన్నాడు. “అమ్మో! అచ్చు గుద్దినట్టు దిగిపోయాడండీ!”

“పొట్ట ఇంకాస్త పెంచండి మేడం,” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

స్టాఫ్ రూమంతా పగలబడి నవ్వింది. ఆమెకి గుండెల మీంచి బండ దించినట్టయింది.

“ఏంటా గోల?”

గుమ్మంలో హెడ్మాస్టరు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సైన్సు మాస్టారు తన సూర్యోదయంలోకి తల దూర్చేశాడు. ఆయన తిన్నగా వచ్చి ఆ బొమ్మ చేతిలోకి తీసుకున్నారు.

“ఎవరు వేశారిది?”

ఉద్యోగం ఊడినట్టే అనుకుంది లెక్కల టీచరు. అయినా లేచి నిలబడింది.

“నేనేనండీ. మనసులో ఉన్నది గీయమన్నారు కదా, గీశాను.”

ఆయన బొమ్మని దగ్గరగా పెట్టి చూశారు, దూరంగా పెట్టి చూశారు. గబగబా వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చారు. కౌన్సెలరు కూడా భయంగా లేచి నిలుచుంది.

ఆయన లెక్కల టీచరు పక్కకి వంగి, గొంతు బాగా తగ్గించారు.

“ఎంత ధైర్యమమ్మా మీకు! అసలు మన చైర్మన్ గారికి చెవుల్లేవన్న సంగతి మీకెవరు చెప్పారు?”