పదకొండు చుక్కలు

"ఈ గీతలన్నీ ఎందుకిలా వణుకుతున్నాయి?" మట్టి పరీక్షల ల్యాబులో ముంబువాకి అంతు పట్టలేదు.

మట్టి మీద కాంతి వేస్తే కంప్యూటర్లో ఒక గీత వస్తుంది. ఆ గీత చూసి మట్టిలో ఏముందో చెప్పాలి. కొత్త మిషను ఇచ్చిన నాలుగు వేల గీతల నిండా గరగరే!

అవి నునుపైతేగాని వోతే ఊరి చుట్టుపక్కల రైతులకి సలహా వెళ్లదు. వాన రేపో మాపో. ల్యాబు పెద్ద డాక్టర్ ముతుంగా అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.

ముంబువా రాసిన ప్రోగ్రాం ఒక్కో గీతే తీసుకుంటోంది, ల్యాబులోని పాత ప్రోగ్రాంతో నునుపు చేయిస్తోంది, పక్కన పెడుతోంది. ఈ లెక్కన రేపటికీ తెమలదు.

అందరూ పదిగంటల టీకి వెళ్లారు. ఆమె వెనక బెంచీ మీద ఒక ముసలాయన మాత్రం ఒళ్లో మట్టి సంచితో తెర చూస్తూ కూర్చున్నాడు.

"ముతొకోయ్ వండాలంటే మొక్కజొన్న ఒక్కో గింజే రోట్లో వేసి దంచుతావా తల్లీ?"

"ఏంటి తాతా?"

"గీతలన్నీ ఒకే పట్టికలో పేర్చు. ఒక్కసారే దంచు."

"ఇది రోలు కాదు తాతా, కంప్యూటర్!"

"అయితే ఇంకా తొందరగా నలుగుతుంది."

నవ్వొచ్చింది. కానీ వేరే దారి లేదు. తన ప్రోగ్రాంలో రెండు వరుసలు మార్చి నొక్కింది.

టీ కప్పు అందుకునేలోపే పని అయిపోయింది!

ముంబువా తెర వైపు చూసింది. ముసలాయన వైపు చూసింది. ఏమీ అర్థం కాలేదు.

"గీతలో పక్కపక్క చుక్కలు ఎన్నేసి కలిపి నునుపు చేస్తున్నావు?"

"ముప్పై ఒకటి. అయినా మీకెందుకు?"

"పదకొండు దాటకు. దాటితే గీత చివరి చిన్న బుడిపె చెరిగిపోతుంది, అది గరగర కాదు. సున్నపురాయి."

"మా డాక్టరుగారికి గీత అద్దంలా ఉండాలి తాతా."

"అద్దంలో నీ మొహం కనిపిస్తుంది గానీ మట్టి కనిపిస్తుందా?"

"ఇది కొండకింద మట్టి," అని సంచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ముంబువా ముప్పై ఒకటే ఉంచింది. కొండకింద ఊళ్లన్నిటికీ సలహా పంపేసింది: 'మీ నేలలో సున్నం తక్కువ. బస్తాలు తెచ్చి చల్లండి.'

తర్వాత ముసలాయన మట్టి తీసి మిషన్లో పెట్టింది. ఇంకా నునుపు చేయని గీత చివర ఆయన చెప్పిన బుడిపె.

ఒక చుక్క ఆమ్లం వేసింది. మట్టి బుసబుసా పొంగింది.

సున్నపురాయే! అది కూడా కొండకింద మట్టే!

సున్నమున్న నేలకే ఇంకా సున్నం చల్లమని పంపేసింది! ఇంతకీ పదకొండే ఎందుకు? ఆరు నెలలుగా వాడుతూ ఒక్కసారీ లోపలికి తొంగిచూడని ఆ నునుపుచేసే పాత ప్రోగ్రాంని గబగబా తెరిచింది.

మొదటి వరుసలోనే ఉంది: 'పదకొండు దాటకండి. మా అమ్మ పొలంలో సున్నపురాయి మాయమైపోతుంది. ఇది రాసింది: కియోకో ముసెంబి.'

ముంబువా మెల్లగా సంచిని ఇటు తిప్పింది.

దాని మీద బొగ్గుతో రాసి ఉన్న పేరూ అదే.