ఆరో తీగ దగ్గర గరగర

"మళ్ళీ వచ్చింది. విన్నావా?" దాయన్ వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి.

తల్లి హ్యోసన్ విన్నది. పరీక్ష ముందురోజు జారుడుగా ఉండే సముద్రపు నాచు సూపు తాగితే పరీక్షలోనూ జారిపోతారంటారని, దాని బదులు ముల్లంగి పులుసు పెడుతోంది. చేతిలోని ముల్లంగి వదిలేసి వంటింట్లోంచి బయటికొచ్చింది. పాటలో ఆరో తీగను ఎడమచేత్తో లోతుగా నొక్కి, ఊపి వదిలేచోట ఎక్కడో సన్నగా గరగరమంటోంది.

మర్నాడే సియోల్‌లో సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష. ఆ కయాగుం, కొరియా తీగల వాద్యం, దాయన్ నాన్నమ్మది, పాతది. దాని చెక్కపలక బీటలిచ్చి ఉంటే ఇప్పటికిప్పుడు ఇంకొకటి తెచ్చినా చేతికి అలవాటు కాదు.

"గట్టిగా అనకు," అంది హ్యోసన్ కిటికీ వైపు చూస్తూ.

అక్కడ చక్రాల కుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు నోట మాట లేదు. ఎడమచేతి వేళ్ళు మాత్రం కుర్చీ చేతిని తడుతున్నాయి. కళ్ళలో నీళ్ళు. తన వాద్యం పాడైందని ఆమెకూ తెలిసిపోయింది కాబోలనుకున్నారు తల్లీకూతుళ్ళు.

హ్యోసన్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివింది. తీగ ఒక్కదానికే అంత శబ్దం ఉండదనీ, అది కింది పలకను బలవంతంగా ఊపితేనే గది నిండుతుందనీ కూతురికి చెప్పింది. గదిలో ఏ వస్తువు సహజ కంపనానికైనా ఆ ఊపు సరిగ్గా సరిపోతే, అది ఎవరూ ముట్టుకోకుండానే మోగుతుంది. తప్పు పలకదే కానక్కర్లేదు.

"అంటే ఇంట్లో ఏదో నాతోపాటు కచేరీ చేస్తోందన్నమాట."

"అదే. నువ్వు వాయించు, నేను దొంగను పట్టుకుంటా."

దాయన్ వాయిస్తుంటే హ్యోసన్ ఒక్కో వస్తువు మీదా అరచెయ్యి ఆనించి చూసింది. కిటికీ అద్దం. కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్. గోడ మీది పెళ్ళిఫొటో దించుతుంటే, నాన్న వచ్చి చూస్తే విడాకులనుకుంటాడని దాయన్ వెక్కిరించింది. గరగర మాత్రం పోలేదు.

వింతేమిటంటే ఆరో తీగను విడిగా మీటితే ఏమీ లేదు. పాటలో ఆ చోటికి వస్తేనే ఉంది.

"నీ భౌతికశాస్త్రానికి పాటలు కూడా వచ్చా అమ్మా?"

"నొక్కి ఊపితే శ్రుతి మారుతుందే. వాగకుండా ఈ బీరువా పట్టు."

గాజుసామాన్ల బీరువా జరపడానికి కుర్చీ అడ్డొచ్చింది. హ్యోసన్ అత్తగారికి శాలువా కప్పి, బాల్కనీలోకి తీసుకెళ్ళి అద్దాల తలుపు మూసింది. ఇద్దరూ ఆయాసపడుతూ బీరువాను పడకగదిలోకి నెట్టారు. దాయన్ మొదటి నుంచి అందుకుంది. ఆరో తీగ నొక్కింది, ఊపింది, వదిలింది.

ఏ చప్పుడూ లేదు. మళ్ళీ వాయించింది. ఆ స్వరం కడిగిన గిన్నెలా ఉంది.

హ్యోసన్ నేల మీద చతికిలపడింది. దాయన్ నవ్వింది, ఆ నవ్వులోనే కాస్త ఏడ్చింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

బాల్కనీలో చలి పెరుగుతోంది. హ్యోసన్ అత్తగారిని లోపలికి తెచ్చి, చల్లబడ్డ చేతులు రుద్దుతూ చెవి దగ్గర వంగింది.

"అత్తయ్యా, మీ వాద్యానికేం కాలేదు. పలక నిక్షేపంగా ఉంది."

నాన్నమ్మ కోసం దాయన్ మరోసారి ఎత్తుకుంది. పాట ఆ చోటికి వచ్చింది.

గరగర.

బీరువా పడకగదిలో ఉంది. దాయన్ ముఖం పాలిపోయింది. ఆపొద్దని చేత్తోనే సైగ చేసి, హ్యోసన్ కుర్చీ చక్రం మీద అరచెయ్యి పెట్టింది. కదలిక లేదు. కుర్చీ వెన్ను తాకింది. అక్కడా లేదు. చెయ్యి మెల్లగా శాలువా మీదికి జరిగి, ఆగిపోయింది. దాని కింద అత్తగారి ఛాతీ సన్నగా అదురుతోంది.

అత్తగారు పాడుతున్నారు.