అమ్మ నమిలిన చప్పుడు

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి: చెరకు ముక్కలు కోయడం, జంతికలు మెత్తబడకుండా డబ్బాలో మూతపెట్టి ఉంచడం, అమ్మ దవడలకు కదలికలు కొలిచే పట్టీలు అంటించడం, సాయంత్రం ఐదు లోపల దవడ పరీక్ష మళ్ళీ చేయించడం.

మొదటి పరీక్షలో యంత్రం అమ్మ దవడ కదలికల నమూనా తయారుచేసి, బలహీనం అని తేల్చింది. ఈసారీ అదే వస్తే రేషన్ డిపోలో ఆమెకు బియ్యం ఆగిపోతాయి. ఇక బతికినంత కాలం జావే. మా ఇంట్లో మొదటి పట్టా నాది, అదీ దవడల శాస్త్రంలోనే. అయినా నాకే కారణం అంతుబట్టలేదు.

తెరమీద డాక్టరుగారు "కొరకండమ్మా" అన్నారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, జంతికను నాలుక మీద నానబెట్టింది.

"అలా కాదమ్మా, గట్టిగా నమలవే!"

"మగోల ముందర కరకరలాడించేస్తానేటే? సిగ్గునేదూ?"

అప్పుడు అర్థమైంది, మొదటి పరీక్షలోనూ ఇలాగే నానబెట్టి ఉంటుందని. అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తినే మనిషి మా అమ్మ. తెరను గోడవైపు తిప్పాను. తలుపు చాటున ఆమె చెరకు చీల్చి నమిలిన చప్పుడు వినడం నాకూ అదే మొదటిసారి.

ఐదుకు పది నిమిషాలుండగా ఫలితం వచ్చింది: "పాత నమూనాతో సరిపోలలేదు. నమిలినది వేరే మనిషి."

"ఏటన్నాదే?" అని అమ్మ ఆశగా అడిగింది, చేతిలో చెరకు పిప్పితో.

మరో అవకాశం ఇవ్వలేదు. మీ ఇంట్లో ఎవరైనా మొదటి పరీక్షకు కూర్చునేటప్పుడు, రోజూ జావ తాగుతున్న మా అమ్మ పైడితల్లిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.