ఖిచిడీకి పరీక్ష

మహబూబ్‌బీ ఒప్పుకుంటేనే సంబంధం ఖాయం. ఆమె ఒప్పుకోవడం లేదు.

వికారాబాద్‌లోని ఆ ఇంట్లో పెద్దావిడ మాటకు తిరుగులేదు. మనవరాలు మహెక్‌కి తాండూరు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు తారిఖ్. బండల పాలిష్ యూనిట్ నడిపే ముర్తుజా కొడుకు. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేస్తాడు. ఇంట్లో కూర్చున్నవాడికి ఉద్యోగం ఉందంటే మహబూబ్‌బీ చచ్చినా నమ్మదు.

దానికితోడు, తీరిక వేళల్లో అతను తయారుచేసిన సాధనం పేరు ‘ఖిచిడీ’. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను మాడ్యూళ్లు అనే చిన్న చిన్న ముక్కలుగా రాస్తారు. వాటిని కలపడానికి ఒక సాధనం, కుదించడానికి ఒకటి, పరీక్షించడానికి ఇంకొకటి కావాలి. తారిఖ్ అన్నిటినీ ఒకే గిన్నెలో వేశాడు. ఒక్క కమాండ్ ఇస్తే చాలు, మొత్తం పని అదే చేసుకుపోతుంది. చివర్లో ఒక గీత చూపిస్తుంది. ఏ ఒక్క పరీక్ష తప్పినా ఎర్ర గీత. ఏదీ తప్పకపోతే పచ్చ గీత. ఎవరైనా దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

“బండ కోసి, పాలిష్ పట్టి, ఫుకట్ల ఇచ్చెటోన్ని గీన్నే చూస్తున్న,” అని కన్నతండ్రి ముర్తుజాయే వాపోయాడు. ఇంక మహబూబ్‌బీ సంగతి చెప్పేదేముంది? ఇంట్లో కూర్చుని ఖిచిడీ వండేవాడికి పిల్లనిస్తామా అని తేల్చేసింది.

అప్పుడు మహెక్ ఒక దారి చూపింది. ఆమె హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. రోజూ రైల్లో వెళ్లొస్తుంది. ఆమె చేతిలో పడి, తప్పు దొరక్కుండా బయటపడ్డ ప్రోగ్రాం లేదని ఆఫీసులో పేరు. ఇంట్లో చాయ్‌ని కూడా వంక పెట్టకుండా తాగదు.

“దాదీ, ఆయన పనికి నేనే పరీక్ష పెడ్త. ఒక్క ఎర్ర గీత వచ్చినా గీ సంబంధం వద్దు,” అంది.

మహబూబ్‌బీకి ఈ మాట నచ్చింది. మనవరాలి సంగతి తెలుసు కనుక, పీడ వదిలినట్టేనని సంబరపడింది కూడా.

కబురు తాండూరు చేరగానే తారిఖ్‌కి ముద్ద దిగలేదు. మహెక్‌ని మొదటిసారి చూసిన రోజే అతను మనసు పారేసుకున్నాడు. ఇప్పుడు ఖిచిడీలో ఎక్కడ రాయి తగులుతుందోనని కూర్చుని ఏరసాగాడు.

ఆమె నుంచి ఒక్కసారే ఫోన్ వచ్చింది. పలకరింపు కూడా లేదు.

“ఏ పరీక్షా తప్పకుంటే మీ ఖిచిడీ పచ్చ గీత చూపిస్తది. గంతేనా? ఇంకేమన్న చెప్తదా?”

“గంతే. ఎందుకు, దాంట్ల ఏమన్న తప్పుందా?”

“నేను వచ్చేదాక జర ఏం మార్చకుండ్రి,” అని పెట్టేసింది.

ఎక్కడో తప్పు పట్టేసిందని తారిఖ్ రూఢి చేసుకున్నాడు.

ఆదివారం అందరూ తాండూరు వచ్చారు. చాయ్ చల్లారుతున్నా ఎవరూ ముట్టలేదు. మహెక్ పెన్‌డ్రైవ్ తీసి, తన పరీక్షల ఫోల్డర్‌ని తారిఖ్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మహబూబ్‌బీ కళ్లద్దాలు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎర్ర గీత ఎక్కడ వస్తుందో ముందే అడిగి, అక్కడే చూపు నిలిపింది. తారిఖ్ మీట నొక్కాడు.

కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. పచ్చ గీత.

తన సాధనం ఇంత వేగంగా పనిచేస్తుందని తారిఖ్‌కే తెలియదు. ముర్తుజా కొడుకు వంక మొదటిసారి గౌరవంగా చూశాడు. మహబూబ్‌బీ కళ్లద్దాలు మళ్లీ తుడుచుకుని చూసింది. కానీ ఆడిన మాట తప్పే మనిషి కాదు. మహెక్‌కే తప్పు దొరకనివాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉంటాడా అంటూ లేచి, తన చేత్తోనే తారిఖ్ నోట్లో మిఠాయి పెట్టింది. మహెక్ తల వంచుకుని దుపట్టా సర్దుకుంది.

చుట్టాలు స్టేషన్‌కి బయలుదేరాక తారిఖ్ మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అంత గట్టి టెస్టర్ ఎలాంటి చిక్కు పరీక్షలు పెట్టిందో, తన ఖిచిడీ వాటిని ఎలా నెగ్గిందో చూసి మురిసిపోదామని ఆమె ఫోల్డర్ తెరిచాడు.

అందులో ఒక్క పరీక్ష కూడా లేదు.